చిలకలో లేని ప్రాణం

తెలుగు జానపద కథల్లో చెడుకి ఒక చిరునామా ఉంటుంది. బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయల ఫకీరు కత్తికి తెగడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో దాగి ఉంది. ఆ చిలక మర్రితొర్రలో ఉందో, గుహలో ఉందో చెప్పేవాళ్లను బట్టి మారుతుంది కానీ, ఫకీరు ఒంట్లో మాత్రం లేదు. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు అక్కడిదాకా వెళ్లి చిలకను పట్టి మెడ విరిచేస్తే ఫకీరు ఇక్కడ కూలిపోతాడు, కథ కంచికి వెళ్తుంది. ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడూ, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లలో తిరిగే మాంత్రికులూ కాస్త అటూ ఇటూగా ఆ ఫకీరు చుట్టాలే. ఈ కథల్లో కుర్రవాడికి కావలసింది ధైర్యం, ఓర్పు, కాస్త సమయస్ఫూర్తి. తన గురించి తాను కొత్తగా తెలుసుకోవలసింది పెద్దగా ఏమీ ఉండదు. ఇవి గొప్ప కథలు, వీటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇవే సరుకులతో, అంటే మాంత్రికులూ సముద్రాలూ రెక్కల సర్పాలూ పెట్టుకుని, చిలకను మాత్రం కథానాయకుడి గుండెలోనే ఉంచితే ఏమవుతుంది? అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ 1968లో రాసిన పిల్లల నవల ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ చేసిన పని అదే. పిల్లలకు నీతి చెప్పడంలో ఈ రెండో దారే ఎక్కువ నిజాయితీ గలదని నా వాదం. దీని మీద గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. అన్నిటికీ ఒకే బలంతో జవాబు చెప్పలేను కూడా.

లె గ్విన్ ఈ పుస్తకాన్ని తనంత తానుగా మొదలుపెట్టలేదు. కాలిఫోర్నియాలోని చిన్న ప్రచురణ సంస్థ పార్నసస్ ప్రెస్ వాళ్లు కాస్త పెద్ద పిల్లల కోసం ఒక నవల రాయమన్నారు. కథల్లో మాంత్రికులంతా తెల్లగడ్డం ముసలివాళ్లే కదా, మరి వీళ్లు కుర్రతనంలో ఎలా ఉండేవాళ్లు, ఆ ప్రమాదకరమైన విద్య ఎక్కడ నేర్చుకున్నారు అన్న ప్రశ్నతో ఆమె మొదలుపెట్టింది. ప్రశ్న చిన్నదే, కానీ నవల మొత్తం దాని మీదే నిలబడింది. ముసలి మాంత్రికుడంటే తప్పులన్నీ ఎప్పుడో చేసేసి తేరుకున్నవాడు. కుర్ర మాంత్రికుడికి శక్తి ముందు వస్తుంది, బుద్ధి వెనక నుంచి నడిచి వస్తుంది. ఆ రెంటి మధ్య దూరంలోనే ఈ కథ జరుగుతుంది.

వందల దీవుల లోకం ఎర్త్‌సీ. అందులో గాంట్ అనే కొండదీవిలో ఒక కంచుపనివాడి కొడుకు గెడ్. తల్లి లేని పిల్లవాడు. తల్లి తోబుట్టువైన ఒక మంత్రగత్తె నోట విన్న ఒక చిన్న మంత్రాన్ని సరదాకి అనేసరికి మేకలన్నీ వచ్చి చుట్టుముడతాయి, వదిలించుకోవడం చేతకాక ఏడుస్తాడు. రాబోయే కథంతా ఆ మేకల మందలోనే ఉంది. పిలవడం వచ్చు, పంపించడం రాదు. తర్వాత ఓగియన్ అనే గురువు దొరుకుతాడు. ఆయన వాన కురిస్తే మంత్రంతో దారి మళ్లించకుండా తడుస్తూ కూర్చునే రకం. గెడ్‌కి ఆ మౌనం నచ్చదు. రోక్ దీవిలోని మాంత్రికుల బడికి వెళ్తాడు. అక్కడ జాస్పర్ అనే పెద్దింటి కుర్రాడి వెటకారానికి రెచ్చిపోయి, చచ్చినవాళ్లను లేపగలనని పందెం కాసి, అర్ధరాత్రి గుట్ట మీద వెయ్యేళ్ల నాడు చనిపోయిన ఒక రాజకాంతను పిలుస్తాడు. ఆమె రూపం ఒక్క క్షణం కనబడుతుంది. ఆ వెనకే లోకంలో ఒక చీలిక ఏర్పడి, అందులోంచి పేరూ ముఖమూ లేని నల్లటి ముద్ద ఒకటి దూకి అతని ముఖాన్ని చీరేస్తుంది. ఆ చీలికను మూయడానికి బడి పెద్ద నెమ్మెర్లె తన శక్తినంతా ధారపోసి తెల్లారేలోగా ప్రాణం విడుస్తాడు. మిగతా నవల అంతా ఆ నీడ గెడ్‌ని తరమడం, తర్వాత గెడ్ దాన్ని తరమడం.

ఈ సంఘటనలో రచయిత్రి వేసిన మెలిక చూడాలి. జాస్పర్ రెచ్చగొట్టాడు, నిజమే. పిల్లల కథల అలవాటు ప్రకారం జాస్పర్ చివర్లో దుర్మార్గుడిగా తేలాలి, గెడ్ చేతిలో ఓడాలి. కానీ జాస్పర్ ఆ రాత్రి తర్వాత కథలోంచి దాదాపు మాయమైపోతాడు. చదువు పూర్తి చేయకుండానే బడి వదిలి వెళ్లాడని ఒక మాట వినబడుతుంది, అంతే. ఆడలేక మద్దెల ఓడు అనే వీలును రచయిత్రి గెడ్ నుంచే కాదు, పాఠకుడి నుంచి కూడా లాగేసుకుంది. కోపం చూపించడానికి మనిషి దొరకడు. మిగిలేది గెడ్, అతను పిలిచిన నీడ. దానికి పేరు లేదని కొందరు గురువులంటారు. ఈ లోకంలో అసలు పేరు తెలియనిదాని మీద ఏ మంత్రమూ పనిచేయదు కాబట్టి, పేరు లేనిదాన్ని ఓడించడం అసాధ్యం. అసలు పేరు ఎవరికీ చెప్పకుండా కాపాడుకోవడం మనకు మరీ కొత్తేమీ కాదు. పిల్లవాడికి పెట్టిన ఒక పేరును ఉపనయనం దాకా తల్లిదండ్రులు మాత్రమే ఎరిగి ఉండాలని ఆశ్వలాయన గృహ్యసూత్రం చెప్పింది. లె గ్విన్ ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటుంది. ఆమె తండ్రి, మానవ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ క్రోబర్ ఎరిగిన ఇషి అనే యాహి తెగ మనిషి తన పేరు చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ‘ఇషి’ అంటే వాళ్ల భాషలో మనిషి అని మాత్రమే అర్థం. ఆ మనిషి జీవితం మీద లె గ్విన్ తల్లి థియొడోరా 1961లో పుస్తకం రాసింది. పేరు చెప్పడమంటే ప్రాణం చేతిలో పెట్టడమని నమ్మే లోకాన్ని ఈ రచయిత్రి గాలిలోంచి పుట్టించలేదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

నీడకి భయపడి గెడ్ దీవి నుంచి దీవికి పారిపోతాడు. ఎంత పారిపోతే అది అంత గట్టిపడుతుంది, అతని పోలికలు తెచ్చుకుంటుంది. చివరికి డేగ రూపంలో, మనిషితనం దాదాపు మరిచిపోయి, ఓగియన్ చేతి మీద వచ్చి వాలతాడు. ఇక పరుగు ఆపి వెనక్కి తిరగమని, నిన్ను వేటాడేదాన్ని నువ్వే వేటాడమని ముసలాయన చెబుతాడు. ఇక్కడ నాకు మన పరీక్షిత్తు గుర్తుకొస్తాడు. దాహంతో, అహంతో, మౌనంలో ఉన్న శమీకుడి మెడలో చచ్చిన పాముని వేసిన రాజు. ఆ ఒక్క తప్పు మీద మనకు రెండు ముగింపులున్నాయి. మహాభారతంలో శాపం సంగతి తెలిసిన రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించి, చుట్టూ కాపలా పెట్టి కూర్చుంటాడు. తక్షకుడు పండులో పురుగై లోపలికి వస్తాడు. భాగవతంలోని పరీక్షిత్తు వేరు. శాపం చెవిన పడకముందే తాను చేసినదానికి కుమిలిపోతున్నాడు, విన్నాక మేడ కట్టుకోకుండా గంగ ఒడ్డుకి వెళ్లి కూర్చుంటాడు. ఇద్దరినీ పామే కరుస్తుంది. ఫలితంలో తేడా లేనప్పుడు రెండో కథ ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఎర్త్‌సీ నవల ఆ రెండు పరీక్షిత్తులనూ ఒకే కుర్రాడిలో పెట్టి చూపించింది. మొదటి సగంలో గెడ్ మేడలు వెతుక్కుంటూ తిరుగుతాడు, రెండో సగంలో ఒడ్డుకి వెళ్తాడు. పారిపోతున్నంత కాలం తప్పు అతన్ని తినేస్తూ ఉంటుంది, తిరిగి నిలబడ్డాక అది అతని సొంత వస్తువు అవుతుంది.

ముగింపు చెప్పేస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. యాభై ఏళ్లు దాటిన పుస్తకం, పైగా ముగింపు తెలిసినా చదువు చెడదు. వెచ్ అనే స్నేహితుడితో కలిసి గెడ్ తూర్పు సముద్రం చివరిదాకా వెళ్తాడు. నీళ్లు ఇసుకగా మారిన చోట నీడ ఎదురవుతుంది. పందెం కాయడానికీ గొడవకీ అక్కడ ఎవరూ లేరు. గెడ్ దాని పేరు పలుకుతాడు. అదే క్షణంలో అది కూడా గెడ్ పేరు పలుకుతుంది. రెండూ ఒకే పేరు. కౌగిలించుకుంటే రెండు రూపాలు ఒకటైపోతాయి. గెలిచిందీ లేదు, ఓడిందీ లేదు. ఏడు సముద్రాలు దాటి తెచ్చిన చిలక మెడ విరిస్తే చచ్చేది తానే అని తెలిసిన కథానాయకుడు ఇతను.

ఇంగ్లీషు పిల్లల సాహిత్యంలో బాగా పేరున్న మరో రెంటి పక్కన దీన్ని పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సి.ఎస్. లూయిస్ 1950లో రాసిన మొదటి నార్నియా కథలో ఎడ్మండ్ అనే పిల్లవాడు మిఠాయికి ఆశపడి తోబుట్టువులను మంత్రగత్తెకు పట్టిస్తాడు. ఆ ద్రోహానికి చెల్లించవలసిన ప్రాణాన్ని అతని బదులు అస్లన్ అనే సింహం చెల్లిస్తుంది, తర్వాత తిరిగి లేస్తుంది. ఒకరి అప్పు మరొకరు తీర్చిన క్రైస్తవ కథ అది, అందంగా ఉంటుంది. ఎర్త్‌సీలో నెమ్మెర్లె కూడా ఇంకొకరి తప్పుకి ప్రాణమిచ్చాడు. కానీ ఆయన చావు తలుపు మూసిందే తప్ప అప్పు తీర్చలేదు, ఆయన తిరిగి లేవడు కూడా. ఇక హారీ పాటర్. వోల్డెమోర్ తన ఆత్మను ముక్కలు చేసి ఉంగరంలో, పాములో, డైరీలో దాచాడంటే మాయల ఫకీరు ఇంగ్లండు వెళ్లి చిలకల సంఖ్య పెంచాడన్న మాట. ఆ ముక్కల్లో ఒకటి హారీ లోపలే ఉందని తెలిసినప్పుడు రౌలింగ్ లె గ్విన్‌కి చాలా దగ్గరగా వచ్చింది. కానీ అది పరాయి ముక్క. దుర్మార్గుడి చేతిదెబ్బతోనే అది రాలిపోతుంది, హారీ శుభ్రంగా మిగులుతాడు. గెడ్‌కి ఆ శుభ్రత దొరకదు. ముఖం మీద మచ్చ ఇద్దరికీ ఉంది. హారీది వేరొకడు పెట్టిన మచ్చ, గెడ్‌ది స్వయంకృతం.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, చెడు అంతా లోపలే ఉందని పిల్లలకు నేర్పడం ప్రమాదం కాదా? ఊళ్లను తగలబెట్టేవాళ్లు నిజంగా ఉంటారు. దెబ్బలు తిన్న పిల్లవాడితో నీ నీడను నువ్వు వెతుక్కో అనడం కంటే క్రూరం ఏముంటుంది? నవల సారాంశం మాత్రమే విన్నవారికి ఈ అభ్యంతరం న్యాయంగానే తోస్తుంది. పుస్తకం మాత్రం ఆ మాట అనదు. గెడ్‌కి పన్నెండేళ్లప్పుడు కార్గ్ సైనికులు అతని ఊరి మీద పడతారు. అతను పొగమంచు కమ్మించి వాళ్లను దారి తప్పించి ఊరిని కాపాడతాడు. అందుకు అతనికి ఏ అపరాధ భావమూ ఉండదు, ఉండాలని పుస్తకమూ అడగదు. ఆ సైనికుల్లో నీ నీడ ఉంది చూడు అని ఓగియన్ ఎక్కడా చెప్పడు. బయటి ప్రమాదాన్ని బయటే ఆపాలి. తాను తెరిచిన తలుపులోంచి వచ్చినదాని దగ్గర మాత్రమే లెక్క మారుతుంది. ఈ రెంటినీ వేరుచేసి చూడటం పదేళ్ల పిల్లలకు మనం అనుకున్నంత కష్టం కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ లోకంలో గెడ్ ఎర్రమట్టి రంగువాడు, వెచ్ నల్లనివాడు, దండెత్తి వచ్చిన కార్గ్‌లు తెల్లవాళ్లు. అరవైల అమెరికాలో ఇది చిన్న విషయం కాదు. అయినా రచయిత్రి ఆ తెల్లవాళ్లను రాక్షస జాతిగా వదిలేయలేదు. 1971లో వచ్చిన రెండో నవల ‘ద టూంబ్స్ ఆఫ్ అటువాన్’ కథానాయిక టెనార్ కార్గ్ అమ్మాయే.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది, నన్ను ఎక్కువ తికమక పెట్టేది కూడా ఇదే. గెడ్ తన నీడతో రాజీపడి సంపూర్ణుడయ్యాడు, బాగానే ఉంది. చచ్చిపోయిన నెమ్మెర్లె సంగతి? ఒకడి ఆత్మశాంతి కోసం లోకమంతా రంగస్థలం అయినట్టు లేదా? తప్పు ఒప్పుకుంటే చాలు, నష్టపోయినవారికి ఏమీ చెల్లించనక్కరలేదా? కథ మొత్తాన్ని మనసులోపలి నాటకంగా చదివితే ఈ విమర్శకు జవాబు లేదు. ముఖ్యంగా యూంగ్ మనస్తత్వ శాస్త్రంలోని ‘నీడ’ అనే ఊహను తెచ్చి దీనికి అతికించేవారి దగ్గర ఈ చిక్కు వస్తుంది. నవల రాసేనాటికి తాను యూంగ్‌ను చదవలేదని లె గ్విన్ తర్వాత చెప్పింది. నవల మధ్య భాగం చూస్తే వేరే సంగతి కనబడుతుంది. చదువయ్యాక గెడ్ గొప్ప పదవికి వెళ్లడు. లో టార్నింగ్ అనే బీద జాలరి పల్లెలకు కాపలా మాంత్రికుడిగా, పడవలకు రక్షామంత్రాలు వేసుకుంటూ బతుకుతాడు. అక్కడ స్నేహితుడి పసికొడుకు జ్వరంతో చనిపోతుంటే ఆగలేక చావు సరిహద్దు దాటి వెంట వెళ్తాడు, తిరిగి వచ్చే దారిలో నీడ కాచుకుని ఉంటుంది. పిల్లవాడు దక్కడు. శక్తి ఉంది కదా అని ప్రతి చావునీ ఆపలేమన్న పాఠం రెండోసారి, ఈసారి గర్వంతో కాకుండా జాలితో చేసిన తప్పు ద్వారా, నేర్చుకుంటాడు.

ఆ వెంటనే వచ్చే ఘట్టమే నా దృష్టిలో నవలకి ఇరుసు. నీడ తనను పసిగట్టింది కాబట్టి ఆ పల్లెలు వదిలి పారిపోవాలి. కానీ పక్క దీవి పెండర్‌లో డ్రాగన్ల బెడద ఉంది, దాన్ని తీర్చకుండా వెళ్లడం మాట తప్పడమే. ఒంటరిగా పడవలో పెండర్‌కి వెళ్తాడు. పాత గాథలు చదివి ఊహించిన పేరుతో, యెవాడ్ అని, ముసలి డ్రాగన్‌ను కట్టిపడేస్తాడు. అప్పుడది బేరం పెడుతుంది. నిన్ను తరుముతున్నదాని పేరు నాకు తెలుసు, కావాలా? నవలలో గెడ్‌కి ప్రాణం కంటే ఎక్కువ అవసరమైనది ఆ ఒక్క పేరే. ఒక్క మాట అంటే తన భయం తీరుతుంది, ఆ పల్లెలు మాత్రం డ్రాగన్ నోటికి మిగులుతాయి. గెడ్ ఆ పేరు అడగడు. నువ్వూ నీ పిల్లలూ ఇక ఈ దీవుల వైపు రాకూడదని ఒట్టు పెట్టించుకుని వెనక్కి వస్తాడు. తన ముక్తి కంటే జాలరుల నిద్ర ముందు అనుకున్నవాడిని ఆత్మరతుడు అనడం కష్టం. అయినా నెమ్మెర్లె లెక్క దీనితో తీరదు. పుస్తకం కూడా తీరిందని అనదు. తీర్చలేని అప్పు ఒకటి ఉంటుందని, దానితోనే పనిచేసుకుంటూ బతకాలని పిల్లల నవలలో చెప్పిన రచయితలు తక్కువ. నాకు ఈ పుస్తకం మీద గౌరవం అక్కడే మొదలవుతుంది.

ఇదంతా పిల్లలకు ఎక్కువ బరువు కాదా అనేది మూడో మాట. దీనికి పెద్ద జవాబు అక్కరలేదనుకుంటాను. లోకాన్ని చీకటితో కప్పాలనుకునే మహాదుష్టుడిని ఏ పిల్లవాడూ చూసి ఉండడు. తాను పగలగొట్టిన గిన్నెను పరుపు కింద దాచి, పిల్లి మీద నెట్టి, రాత్రి నిద్రపట్టక దొర్లడం మాత్రం దాదాపు ప్రతి పిల్లకూ తెలుసు. దాచినది రోజురోజుకీ పెద్దదై, చివరికి గిన్నె కంటే దాచడమే భయంకరంగా మారడం వాళ్ల సొంత అనుభవంలోని ఫాంటసీ. బరువైన పుస్తకమేమో కానీ, బరువు మాత్రం పరాయిది కాదు. దీన్ని సినిమా తీసినప్పుడు ఏమైందో చూస్తే ఈ బరువుకి భయపడేది ఎవరో తెలుస్తుంది. 2006లో జపాన్‌కు చెందిన జిబ్లీ స్టూడియో, గోరో మియజాకి దర్శకత్వంలో, ఎర్త్‌సీ పుస్తకాల ఆధారంగా యానిమేషన్ సినిమా తీసింది. లె గ్విన్ దాని బొమ్మల అందాన్ని మెచ్చుకుంటూనే, చెడునంతా ఒక దుష్ట మాంత్రికుడిలో మూటకట్టి, వాడిని చంపితే సమస్య తీరినట్టు చూపించడాన్ని తప్పుపట్టింది. చిలక మళ్లీ పంజరంలోకి వెళ్లిపోయిందన్న మాట.

ఒక లోపాన్ని మాత్రం సమర్థించలేను. ఈ నవలలో ఆడవాళ్ల మంత్రవిద్య అంటే నాసిరకమైనదీ, కుటిలమైనదీ అని సామెతల్లాంటి మాటలు వస్తాయి. రోక్ బడిలో తొమ్మిది మంది గురువులూ మగవాళ్లే, చదివేదీ మగపిల్లలే. మొదటి మంత్రం నేర్పిన ఆ మంత్రగత్తెను కథ తొందరగా వదిలించుకుంటుంది. సెరెట్ అనే అమ్మాయి పని గెడ్‌ని ప్రలోభపెట్టడమే. ఇవి పాత్రల అభిప్రాయాలే, రచయిత్రివి కావు అనే వాదం నిలబడదు, ఎందుకంటే కథ నడక వాటిని ఎక్కడా కాదనలేదు. నీ తప్పును నీదిగా ఒప్పుకో అని చెప్పే పుస్తకం తన పక్షపాతాన్ని తాను గమనించలేదు. లె గ్విన్ దీన్ని తర్వాత గమనించింది. 1972లో మూడో నవలతో ముగిసిందనుకున్న వరుసకు 1990లో ‘తెహాను’ రాసింది. మహాకార్యాలు లేని పుస్తకం. శక్తంతా పోగొట్టుకున్న గెడ్, రైతు భార్యగా బతికి వితంతువైన టెనార్, ముఖం సగం కాలిపోయిన ఒక పసిపిల్ల, మేకలు, అంట్లు. మొదటి నవల వంటింటి పొయ్యి పక్కన వదిలేసిన మనుషులే ఇందులో కథ. పాత అభిమానుల్లో కొందరికి ఇది మింగుడు పడలేదు, రచయిత్రి సిద్ధాంతం కోసం తన లోకాన్నే పాడుచేసిందన్నారు. నాకు అలా అనిపించదు. మొదటి పుస్తకంలోని మాటలను ఆమె తర్వాతి ముద్రణల్లో చెరిపేసి చేతులు దులుపుకోలేదు. వాటిని అలాగే ఉండనిచ్చి, ఇరవై రెండేళ్ల తర్వాత అదే దీవికి తిరిగి వెళ్లి, అవి ఎవరి ముఖాన్ని కాల్చాయో చూసింది.

మొదటి నవల చివరి పేజీలో రచయిత్రి ఒక చిన్న సంగతి చెప్పి వదిలేస్తుంది. గెడ్ తర్వాత మహా మాంత్రికుడయ్యాడు, అతని ఘనకార్యాల మీద పాట కట్టారు, దీవుల్లో దాన్ని పాడతారు. డ్రాగన్‌లను ఏలినవాడని అందరికీ తెలుసు. కానీ ఆ పాటలో ఈ నీడ కథ లేదు. ఇసుకగా మారిన సముద్రం మీద ఏం జరిగిందో దూరాన పడవలో కూర్చున్న వెచ్ ఒక్కడే చూశాడు.